ముద్ద కలిపిన చెయ్యి

తెనాలి ఊరు దాటి కాలవ వంతెన ఎక్కగానే మేడంత కోడిపుంజు ఒకటి తలెత్తి నిలబడి కనిపిస్తే, అదే సిద్ధేశ్వరాచారి షెడ్డు. పుంజు అమ్ముడుపోతే దాని చోట రొయ్య ఉంటుంది. రొయ్య వెళ్ళిపోతే ఐస్‌క్రీం తింటున్న ఎలుగుబంటి ఉంటుంది. హైవే హోటళ్ళ వాళ్ళకీ పార్కుల వాళ్ళకీ ఏది కావాలంటే అది ఫైబర్‌తో చేసి లారీ ఎక్కిస్తాడు. దేవుళ్ళని చెక్కిన వంశం కదా, ఈ కోళ్ళేమిటయ్యా అని ఎవరైనా అడిగితే, "దేవుడికి గుడుంది. కోడికి ఎవరున్నారు?" అంటాడు. సిగ్గనే సరుకు పంచేటప్పుడు బ్రహ్మదేవుడు ఈ మనిషిని మరిచిపోయాడని చుట్టాలందరూ ఎప్పుడో తీర్మానించేశారు.

అతని భార్య హైమవతి సైంటిస్టు. మేనమామ కూతురే కాబట్టి చిన్నప్పటి 'బావా' అన్న పిలుపు పెళ్ళయ్యాక కూడా మారలేదు. గుంటూరు రోడ్డులో ఒక ప్రైవేటు ప్రయోగశాలలో జిగుర్ల మీద, అతుకుల మీద పనిచేస్తుంది. ఆమె పట్టుకున్న కొత్త సంగతి వల్లే ఈ కథ.

మామూలు ఎపాక్సీ క్లే చాలామందికి తెలిసిందే. రెండు ముద్దలుగా వస్తుంది, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. దేనికది ఉన్నంతకాలం మెత్తగానే ఉంటాయి. రెండూ సమంగా కలిపి పిసికితే కాసేపటికి రాయవుతాయి. కారే పైపులకీ, ముక్కు విరిగిన విగ్రహాలకీ అదే దిక్కు. హైమ వాటికి మూడోది ఒకటి చేర్చింది, ఉప్పురవ్వలా ఉండే పొడి. ముద్ద పచ్చిగా ఉన్నప్పుడు చేతి వెచ్చదనం, చెమట, నాడి కొట్టుకునే తీరు ఆ రవ్వల్ని ఒక వరసలో నిలబెడతాయి. ముద్ద రాయయ్యాక ఆ వరస ఇక చెదరదు. తర్వాత ఎవరి అరచెయ్యి తగిలి అది వెచ్చబడినా, చేసిన మనిషి మనసు ఆ వేళ ఎలా ఉందో, పట్టుకున్న మనిషి మనసు కాసేపు అలాగే అయిపోతుంది. మాటలూ ఉండవు, బొమ్మలూ కనపడవు. ఉత్త మనసు, అంతే.

ఇది తెలిసిందీ ఒక టీ కప్పు వల్ల. చెవి విరిగిన కప్పుని ప్రయోగశాల స్టోర్‌కీపర్ బసవయ్య ఆ ముద్దతో అతికించాడు. ఆ ఉదయమే ఆయనకి మనవడు పుట్టాడు. ఆ తర్వాత ఆ కప్పుతో టీ తాగిన ప్రతివాడూ కారణం లేకుండా మురిసిపోవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే డైరెక్టర్ పినాకపాణి గారు కూడా ఆ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి కూనిరాగం తీశారు. ఆయనే అన్నారు, "ఆపరేషన్‌కి ముందు పిల్లలు హడలిపోతుంటారమ్మా. వాళ్ళ చేతుల్లో పెట్టడానికి బొమ్మలు చేయిద్దాం. జంతువులు, లోకంలో లేని వింత ప్రాణులు, పిల్లలకి నచ్చేవి. అయితే చేసేవాడు ఏ దిగులూ లేని మనిషై ఉండాలి. ఎవరైనా ఉన్నారా?"

"ఒకాయన ఉన్నాడండీ," అంది హైమ. మా ఆయనే అని అనలేదు.

ఎందుకనలేదంటే, చెప్పడానికే బాగుండదు గానీ, ఆమెకి నామోషీ. ప్రయోగశాల బస్సు రోజూ ఆ కోడి ముందు నుంచే వెళ్తుంది. కొత్తగా చేరినవాళ్ళు కిటికీలోంచి ఫోటోలు తీసుకుంటారు. "ఎవడో గానీ ధైర్యవంతుడు" అని నవ్వుకుంటారు. హైమ వాళ్ళతోపాటే నవ్వేది. మీవారేం చేస్తారంటే ఫ్యాబ్రికేషన్ బిజినెస్ అని చెప్పేది. బస్సు కూడా షెడ్డు దగ్గర కాకుండా వంతెన అవతలే దిగి నడిచి వచ్చేది. మొగుడు చెడ్డవాడైతే లోకానికి చెప్పుకుని ఏడవచ్చు. బంగారంలాంటి మొగుణ్ణి చూసి సిగ్గుపడుతుంటే ఎవరితో చెప్పుకుంటుంది?

చారికి ఈ పని పండగలా తోచింది. ఎన్నాళ్ళుగానో కోళ్ళూ రొయ్యలే. ఇప్పుడు కూతురు మృదుల పక్కన కూచుని ఏ జంతువు కోరితే ఆ జంతువు. ముందు సన్న తీగతో ఎముకల గూడు కట్టేవాడు. దాని మీద ముద్ద పరిచేవాడు. పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే బొచ్చు వచ్చేది, పెన్ను మూతతో నొక్కితే పొలుసులు, దువ్వెన లాగితే ఈకలు. తడి వేలితో చెంపలు నున్నగా దిద్దేవాడు.

"నాన్నా, కుందేలుకి దుప్పి కొమ్ములు పెట్టు."

"బరువుకి తల ఎత్తగలదా అది?"

"నువ్వు చేస్తే ఎత్తుద్ది."

అయితే మొదటి బొమ్మ, రెక్కల దూడ, రెండో రోజుకి రెక్కలు వాల్చేసింది. ముద్ద రాయి కాలేదు. తెల్లదీ బూడిదదీ చారి కంటి అంచనాతో కలిపాడు. గంపెడు ఫైబర్‌కి కంటి అంచనా సరిపోతుంది గానీ పిడికెడు ముద్దకి సరిపోదు.

"కాటా మీద పెట్టి కలపమన్నానా లేదా?" అంది హైమ.

"నా కన్నే కాటా. మీ పొడే తేడా."

"సరే, నువ్వు చెయ్యడం చెయ్యి బావా. కలపడం నేను చూసుకుంటాను."

అప్పటినుంచి పొద్దున్నే వంటింటి గట్టు మీద చపాతీ పిండి పక్కనే ముద్ద కూడా కలిపేది. గ్లవ్స్ వేసుకుంటే చేతి వెచ్చదనం తగలక పొడి కలిసేది కాదు. అందుకని ఒట్టి చేతులతోనే, గీతలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసికేది. ఎదురుగా వంటింటి కిటికీ. కిటికీ నిండా కోడిపుంజు వెనకభాగం. కాసేపట్లో బస్సొస్తుంది, దాని ఫోటో తీస్తారు, తను నవ్వాలి. రోజూ ఇవే ఆలోచనలతో ముద్ద కలిపి, తడిగుడ్డ చుట్టి మొగుడి చేతికిచ్చి వెళ్ళేది. ముద్ద మనసుని పట్టుకునేది గట్టిపడే ఘడియల్లోనని ఆమె లెక్క. గట్టిపడేది చారి చేతుల్లో కాబట్టి అందులోకి వెళ్ళేది చారి సంతోషమేనని నమ్మకం. బసవయ్య కప్పు అతికించినప్పుడు కలిపిందీ అద్దిందీ ఆయనే కాబట్టి ఆ రెండింటికీ తేడా చూడాలని ఎవరికీ తట్టలేదు.

ముందుగా బాగా కుదిరిన మూడు తోకల పిల్లిని మృదుల ఎవరికీ ఇవ్వనంది. పక్కలో పెట్టుకుని పడుకునేది. సరే, ఒక్కటే కదా అని వదిలేశారు.

బొమ్మలు తయారయ్యాక చారి వాటిని రొయ్యల అట్టపెట్టెలో సర్ది, రంగు మరకల బనీను మీద చొక్కా తగిలించుకుని ప్రయోగశాలకి తీసుకెళ్ళాడు. లోపల పినాకపాణి గారు, ఆసుపత్రి డాక్టర్లు ఇద్దరు, చల్లటి గది. పెట్టె నుంచి రొయ్యల వాసన.

"ఈయన మా ఆర్టిస్టు," అంది హైమ.

చారి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించి, "నమస్తే మేడం," అన్నాడు.

ఇంటికొచ్చాక దాన్ని పెద్ద హాస్యం చేశాడు. "మేడం గారికి కాఫీ! మేడం గారి చెప్పులెక్కడమ్మా?" అని ఇల్లంతా తిరిగాడు. హైమ నవ్వి ఊరుకుంది. అంత తేలిగ్గా తీసుకున్నాడంటే ఇతనికి దేనికీ నొప్పి ఉండదు కాబోలు అనుకుంది. మనకి వీలైన సంగతిని నమ్మడానికి ఎంతసేపు పడుతుంది?

బొమ్మలు ఆసుపత్రి పిల్లల వార్డుకి వెళ్ళాయి. కొన్నాళ్ళకి వార్డు నర్సు సలోమి స్వయంగా ప్రయోగశాలకి వచ్చింది. పెట్టె తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఇవి మాకొద్దు మేడం."

"పిల్లలు భయపడుతున్నారా?"

"భయం కాదు. ఎట్టా చెప్పను? కొమ్ముల కుందేలు ఇచ్చిన పాప, వాళ్ళమ్మ రాగానే దుప్పటి మొహం మీదకి లాక్కుంది. ఏందమ్మా అంటే, మా అమ్మని అందరూ చూస్తన్నారు అంటది. ఇంకో పిల్లాడు, వాళ్ళ నాన్న ఆటో తోలుతాడు. పాపం డ్యూటీ మానుకుని క్యారేజీ తెచ్చాడు. నువ్వు బయట నిలబడు పో అన్నాడు వాడు. ఆయన బయటే కూచుని ఏడ్చాడు మేడం. బొమ్మలు తీసేసినా వాళ్ళు మళ్ళీ మామూలు కావడానికి చాలాసేపు పట్టింది. నేనూ ఒకటి పట్టుకుని చూశా. మా ఆయన ఫోన్ చేస్తే అందరి ముందూ ఎత్తబుద్ధి కాలా."

పినాకపాణి గారు కుందేలుని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి దాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి రుమాలుకి తుడుచుకున్నారు.

"సిగ్గు," అన్నారు. "చచ్చేంత సిగ్గు. మీ ఆర్టిస్టు పైకి అలా కనిపిస్తాడు గానీ లోపల ఏదో కుళ్ళుతోందమ్మా. అతన్ని మార్చెయ్యండి."

హైమకి గుండె తరుక్కుపోయింది. బావకి సిగ్గా? ఆ నవ్వులన్నిటి వెనకా ఇంత దాచుకున్నాడా? బస్సులో కూచున్నంతసేపూ జాలితో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మొదటిసారి ఆ రోజు షెడ్డు ముందే దిగుదామనుకుంది. బస్సు నిండా మనుషులున్నారు. వంతెన అవతలే దిగింది.

ఇంట్లో మృదుల పిల్లిని పొట్టకి అదుముకుని గోడవైపు తిరిగి కూచుని ఉంది. బడిలో ఎగ్జిబిషన్. తన సొంత డైనోసార్‌ని ట్రాక్టర్ మీద తెస్తానని చారి టీచరుకి మాటిచ్చేశాడు.

"నువ్వు రావద్దు నాన్నా. అమ్మొక్కతే వస్తే చాలు."

"నేను రాకుండా డైనోసార్ ఒక్కత్తే వస్తదా? దారి తెలవదు దానికి."

పిల్ల నవ్వలేదు. "డైనోసార్ కూడా వద్దు. అందరూ నవ్వుతారు."

"నవ్వాలనే గదంటే చేసేది!"

"అట్లా నవ్వరు," అంది మృదుల.

చారి చెయ్యి కడుక్కోవడానికన్నట్టు పెరట్లోకి వెళ్ళాడు.

పిల్ల ఎదుగుతోంది, ఈ వయసులో మామూలే అనుకుంది హైమ. సైంటిస్టు అయ్యుండి కూడా ఆ పిల్ల ఒళ్ళో ఏముందో చూడలేదు.

మర్నాడు ఆదివారం. చారి షెడ్డులో రొయ్య మీసాలకి ఎరుపు వేస్తున్నాడు. హైమ కుందేలుని పట్టుకెళ్ళి పక్కన స్టూలు మీద కూచుంది. వార్డు సంగతి చెప్పింది.

"బావా, నన్ను వేరేగా అనుకోకు. నీకు లోపల దేనికైనా సిగ్గుగా ఉంటుందా? నాతో చెప్పు. నేనేం అనుకోను."

"నాకా?" అని చారి పగలబడి నవ్వాడు. "పెళ్ళి పీటల మీద నా పంచె ఊడితే నేనే ముందు నవ్వినోణ్ణి గదంటే. నాకెందుకు సిగ్గు?"

"మరి బొమ్మల్లో ఉన్నదేంటి? చేసింది నువ్వేగా."

చారి నవ్వు తగ్గింది. "ఇట్టా తే," అన్నాడు. కుందేలుని అరచేతిలో పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. వెల్డింగు రవ్వలు పడీ పడీ అతని అరచేతులు చెప్పుతోలులా అయిపోయాయి. తీసి చెంపకి ఆనించుకున్నాడు. వెచ్చబడేదాకా అలాగే ఉంచాడు.

హైమ చూస్తూ ఉంది. అతని మొహంలో నవ్వు ముందు కళ్ళ దగ్గర పోయింది, తర్వాత మూతి దగ్గర. అతను తల తిప్పి ఎదురుగా ఉన్న రొయ్యని చూశాడు. దాని ఎర్ర మీసాలు చూశాడు. తన బనీను చూసుకున్నాడు. ఒక చెయ్యి దానంతటదే బనీను మీద రంగు మరకని కప్పుకుంది.

"ఇది నాది గాదే," అన్నాడు మెల్లగా.

"బావా, చేసింది నువ్వే కదా..."

"తప్పు చేసినోడి సిగ్గు నాకు తెలుసు. చిన్నప్పుడు మామయ్య జేబులోంచి బీడీలు కొట్టేసి దొరికిపోయా, నువ్వూ ఉన్నావుగా అక్కడ. అదొక రకం. ఇది అది గాదు. మన పక్కనున్నోడు వెర్రిమొర్రి వేషం వేస్తే, వీడు నా మనిషని ఎవరికీ తెలవకుండా ఉంటే బాగుండు అనుకుంటాం చూడు. ఇది ఆ సిగ్గు. పక్కన నిలబడ్డోళ్ళది." కుందేలుని స్టూలు మీద పెట్టాడు. "ముద్ద కలిపింది ఎవరు?"

కలిపేటప్పుడు పట్టుకోదు, గట్టిపడేటప్పుడే పట్టుకుంటుంది అని హైమ ఏదో చెప్పబోయింది. సగంలోనే ఆగిపోయింది. చారి బ్రష్ తీసుకుని మళ్ళీ మీసాల దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు ఒకే చోట రంగు వేస్తూ ఉండిపోయాడు.

సోమవారం ప్రయోగశాలలో తలుపేసుకుని ఆ పరీక్షా చేసింది. ఒక ముద్ద బసవయ్య చేత కలిపించి తను ఉండ చేసింది. ఇంకోటి తను కలిపి బసవయ్య చేత ఉండ చేయించింది. అవి రాయయ్యాక ముందు బసవయ్య కలిపినది పట్టుకుంది. మనవడు నడక నేర్చుకుంటున్నాడట, ఆ మురిపెం చేతుల్లోంచి గుండెదాకా పాకింది. తను కలిపినదాన్ని బసవయ్యకిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని కాసేపు కూచున్నాడు. ఆ తర్వాత చిరిగిన కాలరు లోపలికి మడుచుకుంటూ, "మా వాడు నన్ను బడి దగ్గరికి ఎందుకు రావద్దనేవాడో ఇప్పుడు తెలుస్తోందమ్మా," అన్నాడు.

భూమి చీలితే బాగుండుననిపించింది హైమకి. అయితే ఈసారి సిగ్గు మొగుడి గురించి కాదు. ముద్ద పట్టుకునేది కలిపే ఘడియల్లోనే. అంటే ఆ వింత ప్రాణులన్నిటిలో, ఆ మనిషి ప్రేమగా దువ్విన ప్రతి ఈకలో, నొక్కిన ప్రతి పొలుసులో ఉన్నది ఆమె సిగ్గే. అతని చేతుల మీదుగానే అతని మీది సిగ్గుని ఊరంతా పంచిపెట్టింది. పరాయి పిల్లలు తమ తల్లుల్నీ తండ్రుల్నీ చూసి సిగ్గుపడేలా చేసింది. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక్కసారి లేచి నిలబడింది. మృదుల దగ్గర మూడు తోకల పిల్లి!

వెళ్ళేముందు పినాకపాణి గారి గదిలోకి వెళ్ళి చెప్పింది. "సార్, లోపం ఆర్టిస్టుది కాదు. ముద్ద కలిపింది నేను. ఆ సిగ్గు నాది. ఆయన మా ఆయన. రోజూ మనం బస్సులోంచి చూసి నవ్వుతామే, ఆ కోడి చేసేది ఆయనే."

పినాకపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె వైపు చూడలేదు. "సరేనమ్మా," అన్నారు చివరికి. "లోపం దొరికింది కదా. ఇక ఆయన్నే కలపమనండి. కాటా మీరు చూడండి." అంతే. ప్రయోగశాలలో సమస్య అక్కడికి తీరిపోయింది.

ఇంటికెళ్ళి మృదుల చేతిలోంచి పిల్లిని లాక్కుంది. పిల్ల గొడవ చేస్తుందనుకుంటే చెయ్యలేదు. అది ఏం చేస్తుందో, అందులో ఎవరి మనసుందో పిల్లకి అర్థమయ్యేట్టు దాపరికం లేకుండా చెప్పింది. "నాన్నని చూస్తే నీకు సిగ్గెయ్యడం నీ తప్పు కాదమ్మా. అది నాది. నీకు అంటుకుంది. ఇక దీన్ని తీసేశాం కదా, పోతుంది."

మృదుల తల అడ్డంగా ఊపింది.

"అది బడికి తీసుకెళ్ళను కదమ్మా," అంది. "బడిలో కూడా నాకు అట్లాగే ఉంటోంది. నాకు వద్దమ్మా ఇది. ఎట్లా తియ్యాలి?"

హైమ పిల్లని దగ్గరికి లాక్కోబోయి, తన చేతులు చూసుకుని ఆగింది.

పరీక్ష సంగతీ పినాకపాణి గారన్న మాటా చెప్పి చారి ముందు ఏడ్చింది కూడా. "నన్ను తిట్టు బావా."

"ఏమని తిట్టను? నాతో ఏమన్నా అన్నావా నువ్వు? అనుంటే పోట్లాడేవాణ్ణి. మా మరదలికి నోరెక్కువని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. నువ్వు అననే లేదు గదా." కోపం లేదు ఆ గొంతులో. ఆమెకి కావాల్సింది ఆ కోపమే. "పని ఉందన్నావుగా. తే, కాటా తే. పిల్లలకి ఇస్తామన్నాం గదా."

ఈసారి తెల్లదీ బూడిదదీ పొడీ హైమ తూచి ఇచ్చింది, ముట్టుకోకుండా. చారి పిసికాడు. గీతలు పోయేదాకా, చెప్పినంతసేపూ, ఒక్క జోకూ వెయ్యకుండా పిసికాడు. దానితో నెమలి తోకున్న చిన్న లేడిపిల్లని చేశాడు. అతని చేతిలో అంత అందమైనది ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. కాళ్ళు సన్నగా, మెడ వెనక్కి తిప్పి తన తోకని తనే చూసుకుంటున్నట్టు ఉంది. ఆరాక తెచ్చి హైమ చేతిలో పెట్టాడు.

"చూడు. ఈసారి బాగొచ్చిందా?"

హైమ కళ్ళు మూసుకుంది. ఆ కప్పులో ఉన్నటువంటి మురిపెం కోసం, పెళ్ళి పీటల మీద పంచె ఊడితే ముందుగా నవ్విన ఆ బావ కోసం వెతికింది. లేడిపిల్ల మెల్లగా వెచ్చబడింది. ముందు ఏమీ లేదు. తర్వాత, మనుషుల మధ్య నిలబడి ఉన్నట్టూ, అందరూ తననే చూస్తున్నట్టూ, కాళ్ళూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టూ అనిపించింది. ఇది పక్కన నిలబడ్డవాళ్ళ సిగ్గు కాదు. మధ్యలో నిలబడ్డవాడిది.

"ఉంది బావా," అంది. "ఈసారి నీది."

చారి తలూపాడు, ముందే తెలిసినవాడిలా. "ఉంటదిలే," అన్నాడు. "తెలిసినాక ఉండకుండా ఎట్టా ఉంటది?"

బయట లారీ హారన్ మోగింది. రొయ్య కోసం హోటల్ ఓనరు సుబ్బరాజు గారు వచ్చారు. మామూలుగా అయితే చారి హారన్ వినగానే పరుగెత్తి, రొయ్య వీపు చరిచి, దాని గుణగణాలు ఊరికంతటికీ వినపడేట్టు చెప్పేవాడు. ఇవాళ కిటికీలోంచి ఒకసారి చూశాడు. చొక్కా తొడుక్కున్నాడు. పైగుండీ కూడా పెట్టుకున్నాడు. అయినా గడప దాటలేదు.

"నువ్వెళ్ళి మాట్లాడవే. నేను లోపలుంటా."

హైమ బయటికి వెళ్ళింది. అదే సమయానికి పొద్దుటి ప్రయోగశాల బస్సు వంతెన దిగి వచ్చి, లారీ అడ్డంగా ఉండడంతో షెడ్డు ముందే ఆగింది. కిటికీల్లో తెలిసిన మొహాలు. సుబ్బరాజు గారు రొయ్య చుట్టూ తిరుగుతూ మీసాలు పట్టి చూస్తున్నారు.

"అద్భుతంగా ఉందమ్మా! చారిగారేరి? ఆయన మాటలు వినకుండా తీసికెళ్తే రొయ్యకి రుచేముంటది?"

"లోపలున్నారండీ. బయటికి రావడానికి సిగ్గుపడుతున్నారు."

"చారిగారా! సిగ్గా!" సుబ్బరాజు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. లారీ మీద కూలీలూ నవ్వారు. బస్సులో కూడా ఎవరో నవ్వారు.

హైమ వెళ్ళి రొయ్య పక్కన నిలబడింది. దాని మీద చెయ్యి వేసింది. "ఇది చేసింది మా ఆయన," అంది. బస్సుకి వినపడింది. రోడ్డు అవతలికి కూడా వినపడి ఉంటుంది. కానీ ఆమె అన్నది వాళ్ళ కోసం కాదు. తలుపు వైపు తిరిగి, ఇంకా గట్టిగా, "మా బావ చేశాడు!" అంది.

లోపలి నుంచి ఎవరూ పలకలేదు.